నూట ఐదుగురి లెక్క కుదరదు

‘శత్రువు లేని సమాజం నాలుగు రోజులు నిలవదు. బయటివాడి భయం ఉంటేనే ఇంట్లోవాళ్లు ఒక్కటవుతారు.’ ఈ మాట ఫోన్లలో తెగ తిరుగుతోంది. దానికి చూపే సాక్ష్యాలు మూడు: భారతం, అమెరికాలో పిల్లలతో చేసిన ఒక ప్రయోగం, యుద్ధకాలపు ఐక్యత. తరచి చూస్తే మూడూ అడ్డం తిరిగే సాక్ష్యాలే.

ముందు భారతం. ‘మనలో మనకు తగవైతే వాళ్లు నూరుగురు, మనం ఐదుగురం, పరాయివాడు మీదపడితే నూట ఐదుగురం’ అని ధర్మరాజు అన్నట్టు చెప్పుకుంటారు. సందర్భం మాత్రం ఎవరూ చెప్పరు. ఎర్రన పూరించిన అరణ్యపర్వ శేషంలో ఘోషయాత్ర చదవండి. ఆలమందలను చూసే నెపంతో దుర్యోధనుడు ద్వైతవనానికి వచ్చింది, అడవులపాలైన పాండవుల ముందు తన వైభవం ఒలకబోయడానికి. అతన్ని బంధించిన గంధర్వుడు చిత్రసేనుడు పాండవులకు శత్రువేమీ కాడు, అర్జునుడి స్నేహితుడు! ధర్మరాజు తమ్ముళ్లను పంపింది మిత్రుడి మీదికే. శరణు వేడి వచ్చిన కౌరవుల మనుషులను కాదనలేక, వంశం పరువు పోతుందని పంపాడు. తీరా విడిపించాక? దుర్యోధనుడు కృతజ్ఞత చూపకపోగా అవమానంతో ప్రాయోపవేశానికి కూర్చున్నాడు. కర్ణుడు అర్జునుణ్ణి చంపి తీరతానని ప్రతిన పూనాడు. కురుక్షేత్రం ఏమైనా ఆగిందా?

ఇక ప్రయోగం. 1954లో ముజఫర్ షెరీఫ్ అనే సామాజిక మనస్తత్వవేత్త ఓక్లహోమాలో 22 మంది అబ్బాయిలను రెండు జట్లు చేసి పోటీలు పెట్టాడు. వాళ్లు ఒకరి జెండా ఒకరు తగలబెట్టుకున్నారు. ఫోన్లలో కథ ఇక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత నీళ్లు ఆపేశారు, తిండి తేవాల్సిన లారీ మొరాయించేలా చేశారు. పందెంలో చెరోవైపు లాగిన తాడుతోనే రెండు జట్లూ కలిసి ఆ లారీని లాగాయి. ఇలాంటి పనులు ఒకటి తర్వాత ఒకటి మీదపడేసరికి పిల్లలు కలిసిపోయారు. మూడో జట్టును శత్రువుగా చూపాల్సిన అవసరమే రాలేదు.

యుద్ధం వస్తే జనం కొన్నాళ్లు ఒక్కతాటి మీద నిలుస్తారు, కాదనను. కానీ పాకిస్తాన్‌ను చూడండి. అప్పట్లో దానికి రెండు భాగాలు, తూర్పుది నేటి బంగ్లాదేశ్. తూర్పుకూ పడమరకూ చూపించిన శత్రువు ఒక్కరే, మనమే. 1965 యుద్ధంలో సైన్యంలో అత్యధిక భాగం పడమటే ఉంది. తమను గాలికి వదిలేశారని తూర్పువాళ్లు మండిపడ్డారు. ఐదు నెలలు తిరక్కుండానే, 1966 ఫిబ్రవరిలో తూర్పువాళ్ల నాయకుడు షేక్ ముజిబుర్ రహమాన్ లాహోర్‌లో ఆరు డిమాండ్లు పెట్టారు. ఆరోది, తూర్పు భాగానికి సొంత సాయుధ దళం. 1970 ఎన్నికల్లో ఆయన పార్టీకి మెజారిటీ వచ్చినా గద్దె అప్పగించలేదు. ఏడాది తిరిగేసరికి, 1971 డిసెంబరులో, దేశం రెండు ముక్కలైంది.