డాలెక్‌ను ఆటోనగర్‌లో చేయించొచ్చు, గొంతు ఎక్కడ చేయిస్తారు?

విజయవాడ, గుంటూరు కుర్రాళ్లు యూట్యూబ్ కోసం సైన్స్ ఫిక్షన్ తీస్తే ఖర్చు ఎటు పోతుందో ముందే చెప్పేయొచ్చు. ఉన్న నాలుగు డబ్బులూ గ్రాఫిక్స్‌కి పోతాయి. శబ్దం మాత్రం అప్‌లోడ్‌కి ముందు రోజు రాత్రి ఏదో ఉచిత లైబ్రరీ నుంచి దిగుతుంది. అందుకే అంతరిక్ష నౌక తలుపూ, లేజర్ తుపాకీ, హీరో కళ్లు తెరవడం కూడా ఒకే ‘హుష్’ మంటాయి. ఈ వరస తలకిందులని చెప్పడానికి 1963 నవంబర్ 23న బీబీసీలో మొదలైన, హీరో కాలయంత్రంలో తిరిగే సైన్స్ ఫిక్షన్ సీరియల్ ‘డాక్టర్ హూ’ తయారీని మించిన పాఠం లేదు.

అప్పట్లో వీడియో టేపును ఎడిట్ చేయాలంటే బ్లేడుతో కోసి అతికించాలి. టేపు ఖరీదు, కోస్తే పాడు. కాబట్టి వారమంతా రిహార్సల్స్ చేసి, 25 నిమిషాల ఎపిసోడ్‌ను ఒక సాయంత్రం స్టేజీ నాటకంలా దాదాపు ఏకబిగిన రికార్డు చేసేవారు. నటుడు మాట తడబడితే ఆ తడబాటు అలాగే ప్రసారమయ్యేది. మొదటి ఎపిసోడ్‌ను సెప్టెంబర్‌లో తీస్తే, కాలయంత్రం తలుపులు సరిగా మూసుకోక ఇబ్బంది పెట్టాయి. మరికొన్ని లోపాలూ ఉండటంతో అక్టోబర్‌లో మొత్తం మళ్లీ తీశారు.

ఇక డాలెక్‌లు. డబ్బాల్లా ఉండే ఆ సీరియల్ విలన్లు. రూపకర్త రేమండ్ క్యూసిక్. అవి వచ్చిన మొదటి కథకు చేయించినవి నాలుగే. గుంపుగా కనిపించాల్సిన చోట వెనకాల నిలువెత్తు ఫొటో కటౌట్లు నిలబెట్టారు. (కటౌట్ల విషయంలో బెజవాడకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదనుకోండి.) ముందుకు చాచిన చేయి మూసుకుపోయిన సింకును నొక్కే రబ్బరు ప్లంజరే. లోపల మోటారు లేదు, మనిషి ఉన్నాడు. చిన్న పీట మీద కూర్చుని కాళ్లతో నెట్టుకుంటూ, చేతులతో ఆ ప్లంజర్‌నీ తుపాకీనీ తిప్పుతాడు. తల మీది దీపాలు వెలిగించడమూ అతని పనే. గొంతు ఇచ్చేది మాత్రం బయట మైకు ముందున్న మరొకరు. నాలుగు బొమ్మలూ ఒకేలా ఉంటాయి, నోరు కదలదు. మాట్లాడేది ఎవరో ప్రేక్షకుడికి తెలియాలంటే దీపం ఒక్కటే దారి. లోపలి మనిషికి డైలాగు కంఠతా రాకపోతే దీపం ఒకడిది వెలుగుతుంది, గొంతు ఇంకొకడిది వినిపిస్తుంది.

స్టూడియో నున్నటి నేల దాటగానే ఇంకో చిక్కు. 1964లో లండన్ వీధుల్లో తీయాల్సి వచ్చేసరికి అడుగున పెద్ద చక్రాలు బిగించి, వాటిని దాచడానికి పీఠం పెంచారు. మన ఆటోనగర్‌లో లారీ క్యాబిన్లు కట్టే షెడ్డుకు కొలతలు ఇస్తే ప్లైవుడ్, ఫైబర్ మౌల్డుతో ఇలాంటిది చేసిపెట్టడం పెద్ద విషయం కాదు. కాకపోతే చిన్న క్యాస్టర్ చక్రాలు వేయించుకుని సిమెంటు రోడ్డు మీదికి తీసుకెళ్తే మొదటి కంకర రాయి దగ్గరే ఆగిపోతుంది. కింద ప్లైవుడ్ షీట్లు పరిచి, అతుకుల మీద టేపు వేయాలి. ఆ షీట్లు ఫ్రేములో పడకుండా కెమెరా నడుం ఎత్తుకు పైనే ఉండాలి.

ఇంత చేసినా అది గొంతు విప్పేదాకా డబ్బానే. భయం పుట్టించింది గొంతును మార్చే రింగ్ మాడ్యులేటర్ అనే పరికరం. నటుడి గొంతును సుమారు 30 హెర్ట్జ్ తరంగంతో గుణిస్తే ప్రతి ధ్వనీ రెండుగా చీలుతుంది. 200 హెర్ట్జ్ ధ్వని 170గా, 230గా వస్తుంది. ఆ రెండూ కొట్టుకోవడమే మనకు వినిపించే గరగర. ఇప్పుడు ఇదే పని చేసే ప్లగిన్లు (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునేవి) ఉచితంగానే దొరుకుతాయి. చాలామంది తప్పు చేసేది ఆ 30 అనే అంకె దగ్గర. గట్టిగా ఉండాలని వందలు దాటిస్తే గంట మోగినట్టుంటుంది, మాట అర్థం కాదు. రెండో తప్పు మామూలు వేగంతో మాట్లాడటం. హ్రస్వం పలికితే గరగర చెవికి అందేలోపే అక్షరం అయిపోతుంది. అందుకే డాలెక్‌లకు గొంతు ఇచ్చిన నటులు ఒక్కో అక్షరాన్నీ విడదీసి సాగదీశారు. నన్నడిగితే ఈ యంత్రానికి ఇంగ్లిషు కంటే తెలుగే నప్పుతుంది. మనది అజంత భాష, సాగదీయడానికి మాట చివర అచ్చు సిద్ధంగా ఉంటుంది.

ఈ శబ్దాలన్నీ బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌వి. 1958లో మొదలైన ఆ ధ్వని ప్రయోగాల విభాగానికి రేడియో నాటకాల పనే పునాది. విజయవాడ ఆకాశవాణి నాటకాలు విన్న తరానికి దీని విలువ విడమరచి చెప్పనక్కర్లేదు. కాలయంత్రం లేచే శబ్దం కోసం అక్కడి బ్రయాన్ హాడ్జ్‌సన్ పాత పియానో మంద్రపు తీగ మీద తాళంచెవి గీశాడు. ఆ గీతను టేపు మీద నెమ్మదింపజేసి, వెనక్కి తిప్పి, ప్రతిధ్వని కలిపాడు. అరవై ఏళ్లు దాటినా దాని జోలికి పెద్దగా ఎవరూ పోలేదు. ఆనాటి సెట్ల అట్ట గోడలను మాత్రం ఎన్నోసార్లు మార్చారు.

టైటిల్ సంగీతం రాసింది రాన్ గ్రెయినర్, దాన్ని శబ్దంగా మార్చింది వర్క్‌షాప్ ఉద్యోగి డెలియా డెర్బీషైర్. సింథసైజర్ లేదు. ఉన్నవల్లా మీటిన తీగ, కరెంటుతో ధ్వని పుట్టించే ఆసిలేటర్లు, హోరు. ఒక్కో స్వరాన్నీ విడిగా రికార్డు చేసి, కొలిచి, కోసి అతికించాలి. సెకనుకు 15 అంగుళాలు నడిచే టేపు మీద అర సెకను స్వరమంటే ఏడున్నర అంగుళాల ముక్క. పావు అంగుళం తేడా వస్తే అక్కడి నుంచి తాళం తప్పినట్టే. అలా ఒకసారి ఎక్కడో తప్పింది. చెవికి దొరకలేదు. ఒకదానిపై ఒకటి కలపాల్సిన టేపులను వరండాలో పక్కపక్కనే పరిచి, అతుకులు ఎక్కడ ఒకదానికొకటి తప్పుకున్నాయో కళ్లతో వెతికి పట్టుకున్నారు.

పూర్తయిన సంగీతం విన్న గ్రెయినర్, ఇది నేను రాసిందేనా అని ఆశ్చర్యపోయాడట. రాయల్టీలో ఆమెకూ వాటా ఇవ్వాలనుకున్నాడు, బీబీసీ నిబంధనలు ఒప్పుకోలేదు. వర్క్‌షాప్ ఉద్యోగులకు విడిగా పేరు వేసే ఆనవాయితీ లేదు మరి. సీరియల్ టైటిల్స్‌లో డెర్బీషైర్ పేరు పడింది 2013లో, యాభయ్యో వార్షికోత్సవ ఎపిసోడ్‌లో. అప్పటికి ఆమె పోయి పన్నెండేళ్లు.