నార్మండీ ఒక్క ఏడాదిలో చేతులు మారలేదు

911లో స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చిన దోపిడీదారులు, అంటే వైకింగులు, ఒక్క దెబ్బతో ఫ్రాన్సు ఉత్తర తీరంలోని నార్మండీని గెలిచారనీ, అప్పటి ఫ్రాన్సును ఏలిన పిరికి ఫ్రాంకు రాజు భూమితో పాటు కూతురినీ ఇచ్చుకున్నాడనీ, స్థానికులను తుడిచిపెట్టి ఆ నేలను తమ జాతితో నింపుకున్నారనీ, పరాయివాళ్లను రానిచ్చిన దేశానికి ఇదే గతి అనీ చెప్పే సందేశాన్ని కొమ్ముల శిరస్త్రాణం బొమ్మతో సహా మిత్రులు విడవకుండా పంపుతూనే ఉన్నారు.

కొమ్ములు 19వ శతాబ్దపు జర్మన్ రంగస్థలం పుణ్యం, వదిలేద్దాం. కూతురి కథను దాదాపు వందేళ్ల తర్వాత ఆ వైకింగుల నాయకుడు రోలో వంశస్థుల ఆస్థానం కోసం రాసినవాడు దుదో అనే చరిత్రకారుడు. రాజు మూడవ చార్లెస్ వివాహం 907లో జరిగింది కనుక, ఆ రాణికి పుట్టిన పిల్లే అయితే పెళ్లికూతురికి మూడేళ్లు దాటవు. ఇక పిరికితనం మాటకొస్తే, 911లో రాజుకూ రోలోకూ కుదిరిన ఒప్పందానికి ముందు షార్త్ర్ పట్టణం వద్ద ఓడిపోయినవాడు రోలోయే. సేన్ నదీముఖం గుండా వచ్చే ఇతర దండులను అడ్డుకోవడానికి ఆ దండునాయకుడినే కాపలా పెట్టారు; రాజ్యరక్షణ కోసమే ఆ భూమిని ఇచ్చినట్లు 918 నాటి రాజశాసనం చెబుతోంది. అప్పుడు ఇచ్చింది కూడా సేన్ ఒడ్డునున్న రువాన్ పట్టణ పరిసరాలే. దానికి పడమటనున్న బాయో ప్రాంతం 924లో, కోటాంటాన్ ద్వీపకల్పం 933లో వచ్చాయి.

అసలు విషం జాతి నిర్మూలన మాటలో ఉంది. స్థానికులందరూ హతమైతే, విజేతల మనవళ్లకు ఫ్రెంచి ఎవరు నేర్పారు? సమాధుల్లోంచి లేచి వచ్చిన పంతుళ్లా? వైకింగుల భాష నార్సు నుంచి వచ్చిన ఊరిపేర్లు తీరం పొడవునా, కో పీఠభూమిలో, కోటాంటాన్‌లో దట్టంగా కనిపిస్తాయి; లోపలికి వెళ్లేకొద్దీ పాత పేర్లే మిగులుతాయి. నార్సు మనిషి పేరుకు ఊరు అనే అర్థమున్న ఫ్రాంకుల "విల్" చేరిన టోక్‌విల్ వంటి ఊళ్లు కొల్లలుగా ఉన్నాయి. పొలం దున్నేవాళ్లందరినీ చంపి పన్నులు ఎవరి దగ్గర వసూలు చేయాలో ఆ సందేశకర్తే సెలవియ్యాలి.

అయినా ఒక విషయం ఆయన పక్షానే చెప్పాలి. వైకింగులు శాంతికాముకులైన వర్తకులేనని ఈ మధ్య వినిపించే మాట కూడా అంతే అబద్ధం. 841లో జుమియేజ్ మఠం తగలబడింది, సాన్ వాంద్రీ మఠ సన్యాసులు పవిత్రాస్థికలు మోసుకుని పారిపోయారు, కూటాన్స్ బిషప్పులు తరాల తరబడి రువాన్‌లోనే తలదాచుకున్నారు.

కానీ ఆ హింసే రాజ్యాన్ని నిలబెట్టిందనుకుంటే, నార్మండీ పక్కనే ఫ్రాన్సు పడమటి కొసన ఉన్న బ్రిటనీని చూడాలి. అక్కడి నాంత్ పట్టణంలో దిగిన వైకింగు దండుకు కూడా 921లో ఫ్రాంకుల నుంచి భూమి దక్కింది. రోలో బాప్తిస్మం తీసుకున్నాడు, ఆయన కొడుకు విలియం ఫ్రాంకు ప్రభువుల ఇంటి పిల్లను పెళ్లాడి రువాన్‌లో తన పేర నాణేలు ముద్రించాడు. నాంత్ దండు మాత్రం దోపిడీతోనే సరిపెట్టుకుంది. 936లో ఇంగ్లండు నుంచి తిరిగివచ్చిన బ్రిటనీ ప్రభువు అలన్ మూడేళ్లలో వాళ్లను బ్రిటనీ నుంచి తరిమేశాడు.