దవడలో బోరు వేసే ముందు

పొలంలో బోరు వేయించే ముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని గట్ల వెంట తిరిగే పెద్దమనిషి మన ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తాడు. కాయ నిక్కినచోట గుర్తు పెడతాడు. నీళ్లు పడితే ఆయన ఘనత, పడకపోతే మన ఖర్మ. ఇంప్లాంట్ వేయడంలోనూ, అంటే పోయిన పన్ను స్థానంలో కొత్తది నిలబెట్టడానికి దవడ ఎముకలో టైటానియం స్క్రూ దించే పనిలోనూ కొన్ని క్లినిక్‌లు ఇంకా కాయనే నమ్ముకున్నాయి. ఇక్కడ కాయ పేరు ఓపీజీ.

తల చుట్టూ యంత్రాన్ని తిప్పి, రెండు దవడలనూ చాపలా పరిచి చూపించే ఎక్స్‌రే అది. జ్ఞానదంతం అడ్డం తిరిగిందా, ఎక్కడైనా చీము గూడు ఉందా అని మొదటి చూపు చూడడానికి మంచిదే. కానీ గోడకు ఎదురుగా నిలబడితే ఎత్తూ పొడవూ తెలుస్తాయి గానీ, అది నాలుగున్నర అంగుళాల గోడో తొమ్మిది అంగుళాల గోడో ఎలా తెలుస్తుంది? స్క్రూ దిగాల్సింది ఆ మందంలోకే. పైగా ఓపీజీలో కొలతలు అసలుకన్నా పెద్దవిగా పడతాయి. ఎంత పెద్దవన్నది యంత్రాన్ని బట్టి, తల నిలిపిన తీరును బట్టి మారుతుంది. ఒకే ఫిల్ములో ముందు పళ్ల దగ్గర ఒకలా, వెనక దంతాల దగ్గర ఇంకోలా ఉంటుంది.

మందం సంగతి మరికాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే మోసమంతా అక్కడే ఉంది. పన్ను తీయించుకున్న తరువాత ఏడాదిలో ఆ చోట ఎముక వెడల్పు దాదాపు సగానికి పడిపోతుందని 2003లో వెలువడిన ఒక పరిశీలన చూపించింది. ఆ నష్టంలో మూడింట రెండు వంతులు మొదటి మూడు నెలల్లోనే జరిగిపోయింది. చెంప వైపు ఉండే పలుచటి గోడ ముందుగా కరుగుతుంది. ఎత్తు అంతగా తగ్గదు. అందుకే పైకి కత్తి అంచులా మిగిలిన ఎముక కూడా ఓపీజీలో నిండుగా, ఆరోగ్యంగా కనిపిస్తుంది. నాలుగు మిల్లీమీటర్ల స్క్రూకు అటూ ఇటూ కనీసం ఒక్కో మిల్లీమీటరు ఎముక ఉండాలి. అంటే ఆరు. అక్కడ ఉన్నది నాలుగున్నరే అయితే స్క్రూ మరలు ఒక వైపు బయటపడతాయి. చిగురు కప్పి ఉన్నన్నాళ్లు ఎవరికీ తెలియదు. కొన్నేళ్లకు చిగురు దిగజారి నల్లని లోహం తొంగిచూసినప్పుడు, "మీకు షుగర్ ఉందా, సరిగ్గా తోముకోలేదా" అని ప్రశ్నలు మన మీదికే వస్తాయి.

సీబీసీటీ, అంటే కోన్ బీమ్ సీటీ స్కాన్, వచ్చింది ఈ గుడ్డితనం పోగొట్టడానికే. 1990ల చివర్లో ఇటలీలోనూ జపాన్‌లోనూ రూపు దిద్దుకున్న ఈ యంత్రం ఇప్పుడు మన నగరాల్లో వింతేమీ కాదు. శంకువు ఆకారంలో కిరణాలను వదులుతూ అరనిమిషంలోపు ఒక చుట్టు తిరిగి, దవడను బ్రెడ్డు ముక్కల్లా ఎక్కడ కావాలంటే అక్కడ కోసి చూపిస్తుంది.

కోసి చూస్తే ఏం కనిపిస్తుంది? కింది దవడలో పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నాడి పోయే కాలువ కనిపిస్తుంది. దానికి రెండు మిల్లీమీటర్ల ఎడం ఉంచాలన్నది అందరూ ఒప్పుకునే హద్దు. ఆ నాడి దెబ్బతింటే కింది పెదవి తిమ్మిరెక్కి, టీ తాగుతుంటే గడ్డం మీదికి కారుతున్న సంగతి ఎదుటివాళ్లు చెబితేగాని తెలియని పరిస్థితి. నాలుక వైపు దవడ లోపలికి గుంటగా ఒరిగి ఉంటే అదీ కనిపిస్తుంది. దాన్ని గమనించకుండా నిటారుగా డ్రిల్లు దించితే మొన ఎముకను దాటి అవతలికి పొడుచుకొస్తుంది. అక్కడి రక్తనాళం తెగితే నాలుక కింద రక్తం చేరి, నాలుక పైకి ఉబ్బి, ఊపిరికే అడ్డం పడవచ్చు. ప్రాణాల మీదికి వచ్చిన అలాంటి ఘటనలు వైద్య పత్రికలకెక్కాయి. ఈ గుంటను ఓపీజీ చూపలేదు, అది దాని స్వభావంలోనే లేదు.

అభ్యంతరాలు లేకపోలేదు. రేడియేషన్ ఎక్కువ, ఖర్చు ఎక్కువ, ఇరవై ఏళ్లుగా వేస్తున్న చేతికి ఫొటో ఎందుకు అంటారు. రేడియేషన్ ఓపీజీ కన్నా ఎక్కువే. యంత్రాన్ని బట్టి పదుల మైక్రోసీవర్ట్‌ల నుంచి వందల దాకా పోతుంది. ప్రకృతి నుంచే మనిషికి ఏటా సగటున 2,400 మైక్రోసీవర్ట్‌లు అందుతున్నాయి. ఒక్క పన్ను కోసం మొత్తం పుర్రెను స్కాన్ చేస్తే మాత్రం తప్పే, కావలసిన మేరకే తీయాలి. ఖర్చంటారా, ఇంప్లాంట్ బిల్లులో అదొక చిన్న ముక్క. చేతి అనుభవాన్ని నేను గౌరవిస్తాను, కానీ చేతికి కళ్లుండవు. మొదటి చూపుకు ఓపీజీ, ఇంప్లాంట్ ప్రణాళికకు ఎముక అడ్డుకోత చిత్రం, దానికి సీబీసీటీయే తగిన సాధనం అని అమెరికా దంత రేడియాలజీ నిపుణుల అకాడమీ 2012లోనే తేల్చిచెప్పింది.

అసలు మార్పు ఫొటోలో లేదు, ఆలోచన మొదలయ్యే చోట ఉంది. పాత పద్ధతిలో ఎముక ఎక్కడుంటే అక్కడ స్క్రూ, దాని మీద ఎలాగోలా పన్ను. ఇప్పుడు ముందు కంప్యూటర్‌లో పన్నును నిలబెడతారు: పైపన్నుతో ఎక్కడ కలవాలి, నవ్వితే ఎంత కనిపించాలి అని. నోటి లోపలి స్కాన్‌ను సీబీసీటీతో కలిపి, ఆ పన్ను కిందికి స్క్రూను గీసి, ఎముక చాలుతుందో లేదో అప్పుడు చూస్తారు. చాలకపోతే అదనంగా ఎముక వేయించుకోవాలా, పక్క పళ్ల ఆధారంతో కట్టే బ్రిడ్జితో సరిపెట్టుకోవాలా అన్న మాట కత్తి పెట్టకముందే తేలుతుంది. పునాది తవ్వాక ఇంటి ప్లాను గీయించే అలవాటు మనకు ఉంది కాబట్టి ఈ తేడా విలువ తెలియాలి. ఆ ప్లాను ప్రకారం ముద్రించిన గైడు, అంటే డ్రిల్లుకు దారి చూపే అచ్చు, పెట్టి డ్రిల్లు చేసినా స్క్రూ ఎముకలోకి దిగే చోట సగటున 1.2 మిల్లీమీటర్లు, కోణంలో మూడున్నర డిగ్రీలు పక్కకు పోతోందని 2018లో పరిశోధనలన్నీ కలిపి లెక్కతీసినవారు చెప్పారు. గైడు ఉంటేనే ఇంత. ఏ ఆధారమూ లేకుండా దించే చేతి సంగతి మీరే ఊహించుకోండి.

ఇక నన్ను ఎక్కువగా బాధించే విషయం. యంత్రం కొంటాం, చదివే మనిషిని పెట్టుకోం. పొరుగు పంటికి లోహపు క్యాప్ ఉంటే చిత్రంలో చారలు పడతాయి. రోగి తల కదిలితే ఎముక రెండుగా కనిపిస్తుంది. ఆసుపత్రి సీటీలోలాగా సీబీసీటీ బూడిద రంగును చూసి ఎముక సాంద్రత ఇంత అని అంకె చెప్పడం నమ్మదగినది కాదు. అయినా చెప్పేవాళ్లు చెబుతూనే ఉన్నారు. ఇవన్నీ పట్టుకోవడానికే దంత వైద్యంలో రేడియాలజీకి ఎండీఎస్ అనే పీజీ చదువు ఉంది. ఏ మూలనో దాగిన సైనస్ జబ్బో తిత్తో ఉంటే వాళ్ల కంట పడుతుంది. కానీ స్కాన్ చేతికొచ్చాక స్క్రూ పట్టే చోటు తప్ప మిగతా వందల కోతలను తెరిచేదెవరు? 2015 నుంచి రైతులకు మట్టి పరీక్ష కార్డులు పంచుతున్నాం. అందులోని అంకెలు చదివి, ఈ మడికి యూరియా తగ్గించు అని చెప్పే మనిషి పక్కన లేకపోతే ఆ కార్డు గోడకు తగిలించుకోవడానికే. దవడదీ అదే కథ.

అందుకే స్కాన్ ఫైలు రోగి చేతికి రావాలంటాను. అడిగిన 72 గంటల్లో వైద్యులు రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. నున్నని కాగితం మీద అచ్చు వేసిన నాలుగు బొమ్మలు రికార్డు కావు. స్కాన్ కోతలన్నీ ఉండే డైకామ్ అనే కంప్యూటర్ ఫైలే రికార్డు. అది ఉంటే రెండో అభిప్రాయానికి మళ్లీ కిరణాలు పడనక్కర్లేదు. సెలవులకు వచ్చి హైదరాబాద్‌లో స్క్రూ వేయించుకుని డాలస్‌కు తిరిగి వెళ్లే మనవాళ్లకు అక్కడ ఏదైనా తేడా వస్తే చూపించుకోవడానికి ఉంటుంది. దంత మండలి స్థానంలో జాతీయ దంత కమిషన్ కోసం 2023లో చట్టం చేశారు. స్కాన్ తీస్తే ఫైలూ, సంతకం ఉన్న రిపోర్టూ ఇచ్చి తీరాలని ఒక్క వాక్యం రాయడం ఆ కమిషన్‌కు పెద్ద పని కాదు.

మా పెద్దమ్మ ఒక క్లినిక్‌లో ఆ ఫైలు అడిగింది. "అది మీకు అర్థం కాదమ్మా" అన్నారట. "మా పొలం పటం కూడా నాకు అర్థం కాదు బాబూ, అయినా నా బీరువాలోనే ఉంటుంది" అని కుర్చీలోంచి లేవలేదు. పెన్ డ్రైవ్ తెచ్చుకుంటే ఇస్తామన్నారు. తెచ్చుకుంది. ఇప్పుడది పట్టాదారు పాసు పుస్తకం పక్కన, అదే ప్లాస్టిక్ కవర్లో ఉంది.