సుంకం అమెరికాది, కోత కూలికా?

2025 ఆగస్టు 27న అమెరికా మన సరకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచాక గోదావరి డెల్టాలో రొయ్య రైతు పడిన పాట్లు పాఠకులకు తెలిసినవే. ఆ పేరు చెప్పి భీమవరం పరిసరాల్లోని కొన్ని రొయ్యల శుద్ధి కర్మాగారాలు తలలు తీసే, పొట్టు వలిచే మహిళల కిలో రేటును తగ్గించి, ‘పరిస్థితి చక్కబడే వరకే’నని సర్దిచెప్పడాన్ని మాత్రం ఉపేక్షించలేము.

ఎగుమతిదారులకు కష్టాలు లేవని మేము అనడం లేదు. శీతల గిడ్డంగిలో సరకు, బ్యాంకులో వడ్డీ పేరుకుపోతే ఎవరికైనా ఊపిరాడదు. అయితే పని దొరకడమే గగనమైన కాలంలో, ఒకరు కాదంటే మరొకరు వస్తారన్న ధీమాతో పెట్టిన కోత, గిరాకీ తిరిగి వచ్చిన రోజున తనంతట తాను రద్దు కాదు. ఒకచోట చెల్లిన తగ్గింపు రేటు నెల తిరగకముందే పక్క కర్మాగారానికి పాకుతుంది; ఆకివీడులో, నరసాపురంలో అదే వాడుక రేటవుతుంది; మరుసటి ఏడాది బేరం అక్కడి నుంచే మొదలవుతుంది. మా ఆందోళన ప్రధానంగా ఈ ఆనవాయితీ గురించే.

తెల్లవారకముందే బస్సెక్కి వచ్చి, మంచునీళ్లలో వేళ్లు కొంకర్లు పోతున్నా నిలబడి వలిచిన మహిళను, సరకు అయిపోయిందంటూ మధ్యాహ్నానికే పంపేసి, వలిచిన కిలోలకే లెక్క కడుతున్నారు. కనీస వేతనం రోజు లెక్కన ఖరారైన చోట, యజమాని పని చూపలేకపోతే పూర్తి రోజు వేతనం ఇవ్వాలని 1948 నాటి కనీస వేతనాల చట్టం 15వ సెక్షన్ చెప్పింది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఆ రక్షణ ఉంది. యజమాని స్తోమతతో కనీస వేతనానికి సంబంధం లేదని 1961లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అంతకు తక్కువిచ్చి చేయించుకునే పని వెట్టిచాకిరీయేనని 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో స్పష్టం చేసింది. ఇంత స్పష్టత ఉన్నాక కూడా ‘తాత్కాలికం’ అనే ఒక్క మాటకు తలూపితే, రేపు కొబ్బరి వలుపు కూలికీ, నాట్ల ముఠాలకూ అదే మాట వినిపిస్తారు.

ఫిర్యాదు రాలేదు కనుక తనిఖీకి వెళ్లలేదని కార్మిక శాఖ అధికారులు చెప్పడం సిగ్గుచేటు. మర్నాడు పనిలోకి రానివ్వరని తెలిసిన మనిషి ఏ కార్యాలయం గడప తొక్కుతుంది? హాజరు పట్టీలు, చెల్లింపు రిజిస్టర్లు తెప్పించుకుని చూసే అధికారం చేతిలో ఉంచుకుని, కర్మాగారం గేటు దాటని అధికారులకు ఈ కోతలో భాగం లేదని ఎలా అనగలం?