చెరువు కోసం వెదికితే ట్యాంకు దొరికింది

హనుమకొండలో చరిత్ర ఎం.ఏ. చదువుతున్న రోజుల్లో, కాకతీయుల కాలపు చెరువుల మీద ప్రాజెక్టు రాస్తానని మా సారుకు మాట ఇచ్చాను. పుట్టి పెరిగింది పరకాల దగ్గర చెరువు గట్టు మీద. రామప్ప, పాకాల, లక్నవరం పేర్లు ఎక్కాలకన్నా ముందే నోటికి వచ్చినవాణ్ని. అటువంటి నాకు పదిహేను పుస్తకాల జాబితా ఒక లెక్కా అన్న ధీమాతో, శుక్రవారం ఇవ్వవలసిన జాబితా కోసం గురువారం సాయంత్రం గ్రంథాలయానికి వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాను.

గూగుల్‌కు అలవాటు పడిన ప్రాణం కనుక, అక్కడున్న పెట్టెలో మనిషితో మాట్లాడినట్టే ‘కాకతీయుల చెరువుల గురించి సారు క్లాసులో చెప్పిన మంచి పుస్తకం’ అని కొట్టాను. ఫలితాలు సున్నా. గూగుల్ అయితే మన మొహం చూసి ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపేది. గ్రంథాలయ సూచికకు ఆ మొహమాటం లేదు. కొట్టిన మాటలన్నీ ఒకే పుస్తకం వివరాల్లో కనిపిస్తే తప్ప అది నోరు విప్పదు. ‘సారు’, ‘మంచి’ అన్న మాటలు రెండూ పేరులో పెట్టుకున్న చరిత్ర గ్రంథం ఇంకా రాలేదు కాబోలు. ఒక్కొక్క మాటే తీసేస్తూ చివరికి ‘చెరువు’ ఒక్కటే మిగిల్చినా సున్నాయే. పాత తెలుగు పుస్తకాల పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో ఎక్కించారని గోడకు అంటించిన కాగితం చెబుతూనే ఉంది (గోడల మీది కాగితాలు నేను పరీక్ష ఫలితాలప్పుడు తప్ప చదవను). ఆలస్యంగా చదివి, సి, హెచ్, ఇ అంటూ కూడబలుక్కుని కొట్టినా అదే సున్నా.

అప్పుడు, ఇంగ్లిషు దొరలు చెరువును ‘ట్యాంక్’ అని రాసేవారు కదా అన్న పాండిత్యం మెరిసింది. ఆ ఒక్క మాట కొట్టగానే తెర నిండిపోయింది. పైనున్న పదిహేనింటినీ చదవకుండానే కాగితం మీదికి ఎక్కించి, ఇంటికి పోయి హాయిగా నిద్రపోయాను.

మరునాడు సారు కళ్లద్దాలు సవరించుకుని, క్లాసంతా వినేలా చదవడం మొదలుపెట్టారు. మొదటిది సెప్టిక్ ట్యాంకుల నిర్మాణం. రెండవది ఎత్తైన నీటి ట్యాంకులకు కాంక్రీటు లెక్కలు. అంతవరకు నీళ్లతో చుట్టరికం ఉందని వాదించవచ్చు. మూడవది 1943 నాటి కుర్స్క్ యుద్ధంలో జర్మన్, సోవియట్ ట్యాంకుల పోరు. “గణపతిదేవుడు గీ ట్యాంకులే నడిపిండంటవా?” అని అడిగారు. ఆయన 1199లో గద్దెనెక్కాడన్న ఒక్క సంగతే నాకు గట్టిగా తెలుసు కాబట్టి తల వంచుకున్నాను.

సాయంత్రం గ్రంథాలయంలోని పెద్దమ్మగారు నా గోడు విని, “ఎట్ల కొట్టినవ్ బిడ్డా?” అన్నారు. చూపించాను. తెలుగు పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో ఎక్కించింది అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతిలోనట. ఆ పద్ధతిలో మామూలు ‘చ’కు సి ఒక్కటే చాలు, హెచ్ చేరిస్తే ఒత్తు ‘ఛ’ అవుతుంది. అంటే నేను గంటసేపు ‘ఛెరువు’ను వెదికానన్నమాట. ఆవిడ హెచ్ తీసేయగానే చెరువులన్నీ వరుసగా వచ్చి నిలబడ్డాయి. వాటిలో ఒకదాని వివరాలు తెరిచి, ‘విషయం’ అన్న చోట నొక్కితే, పేరులో చెరువు లేకపోయినా నీటిపారుదల చరిత్రను చెప్పే దాని తోబుట్టువులు కూడా బయటపడ్డాయి.

ఇంగ్లిషు చదువు చదివిన నాలుకతో తెర మీద సి, ఇ అంటూ మొదలైన ఆ చెరువు మాటను పైకి చదివితే ‘సెరువు’ అని వచ్చింది. ఆరవ తరగతి నుంచీ మా బాపమ్మను “సెర్వు కాదే, చెరువు” అని దిద్దుతున్నవాణ్ని. ఆ రాత్రి ఫోనులో, “బాపమ్మా, నీ సెర్వు దొరికిందే” అన్నాను.

“ఏడికి పోతదిరా, ఊరెన్కనే ఉండె గదా” అన్నది.