పెద్దమ్మకు వినపడింది

తిరుపతిలో తాతయ్యగుంట దగ్గర మా పెద్దనాయన ఇల్లు. మేడ మీద గదిలో నేనుంటాను, కింద వాళ్లిద్దరు. పెద్దనాయన బస్సు డిపోలో లెక్కలు రాసి రిటైరయ్యాడు. పెద్దమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు చెవికి హెడ్‌సెట్టు తగిలించుకుని ట్రంకు కాల్స్ కలిపి రిటైరయింది. ఆయనకు రూపాయి పోతే ప్రాణం పోయినట్టుంటుంది, ఆమెకు మాట పోతే. ప్రతి ఆదివారం పది గంటలకు హైదరాబాదు నుంచి అక్క వీడియో కాల్ చేస్తుంది. ఆ కాల్ వచ్చేది అక్క ఇంజనీరింగులో వాడి వదిలేసిన పదకొండేళ్ల ల్యాప్‌టాప్‌లో. దానికి గొంతు పోయి ఏడాదయింది. అందుకని పెద్దనాయన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విని, అక్క ఏమన్నదో పెద్దమ్మకు చెబుతుంటాడు.

పోయిన ఆదివారం తొమ్మిది కాకముందే కాఫీకని కిందికి దిగాను. అప్పటికే మొదలైంది.

పెద్దమ్మ: ఈ రోజు ఆ దారాలు చెవుల్లో పెట్టుకోకండి. నా కూతురి గొంతు నేను వినాల.

పెద్దనాయన: స్పీకర్లు పోయినాయే. ముసలిదైపోయింది అది. మనిషికే వయసైతే గొంతు తగ్గుతుంది.

పెద్దమ్మ: మీకు డెబ్బై దాటింది. కాఫీ ఆలస్యమైతే మీ గొంతు గంగమ్మ గుడి దాకా పోతుంది.

పెద్దనాయన: కొత్తది కొనాలంటే వేలకు వేలు. నాకొచ్చే పింఛనెంత?

పెద్దమ్మ: కొత్తది ఎవరడిగినారు? ఐదొందలివ్వండి, దీన్నే మాట్లాడిస్తాను.

పెద్దనాయన: ఐదొందలా!

(ఈ మాట మాత్రం నిజంగానే గంగమ్మ గుడి దాకా పోయింది.)

పెద్దమ్మ: సరే, రూపాయి లేకుండా మొదలుపెడతాను. ముందు దాని కింది ఆ తువ్వాలు తియ్యండి.

పెద్దనాయన: తియ్యను. అది వేడెక్కుతుంది, బల్ల పాలిష్ పాడవుతుంది.

పెద్దమ్మ: అబ్బోడా, దాన్ని ఆఫ్ చేసి ఒకసారి తిరగెయ్యి.

తిరగేశాను. అడుగున, ముందువైపు రెండు మూలల్లో సన్న జల్లెడలాంటి చీలికలున్నాయి. నాలుగు మడతలేసిన తువ్వాలు ఏడాదిగా సరిగ్గా వాటి కిందే పడుకుని ఉంది.

పెద్దమ్మ: చూసినావా? దీని నోరు కడుపు కింద ఉంది. మీ పెద్దనాయన నోట్లో గుడ్డలు కుక్కి, మాట రాలేదంటున్నాడు.

పెద్దనాయన: నోరు అక్కడ పెట్టినవాడిని అడగాల, నన్ను కాదు.

పెద్దమ్మ: వేడెక్కేది కూడా ఈ తువ్వాలు వల్లే. గాలి పోయే కంతలు కూడా అక్కడే ఉండాయి. ఆ చెక్క పీట తీసుకురా, దాని మీద పెడదాం. గట్టిదానికి తగిలితే శబ్దం తిరిగొస్తుంది, గుడ్డకు తగిలితే అందులోనే ఇంకిపోతుంది.

పెద్దనాయన: పీట మీద నేను కూర్చుని తింటాను.

పెద్దమ్మ: ఈ పూట కింద కూర్చోండి, ఏం కాదు.

తర్వాత ఆ చీలికల సంగతి. పెద్దనాయన వెంటనే పిన్నీసు తీశాడు. పెద్దమ్మ ఆయన చేతి మీద ఒకటి వేసింది.

పెద్దమ్మ: లోపల స్పీకరుకు కాగితం మాదిరి పల్చటి పొర ఉంటుంది. చిల్లి పడిందంటే ఇక జన్మంతా గరగరే. నోటితో ఊదబాకండి, తడి పోతుంది. మెత్తటి బ్రష్షు కావాల.

పెద్దనాయన: మనింట్లో బ్రష్షెక్కడుంది?

పెద్దమ్మ: మీరు మీసాలకు రంగేసుకునేది ఉంది కదా. పోయిన నెల కొన్నారే, ఇంకా విప్పలేదు.

పెద్దనాయన: అది అరవై రూపాయలు!

ఆ అరవై రూపాయల బ్రష్షుతో పెద్దమ్మ చీలిక వెంబడి చీలిక, లోపలికి నొక్కకుండా బయటికి లాగుతూ తుడిచింది. కింద పరిచిన పేపరు మీద ముందు పౌడరు రాలింది, తర్వాత దుమ్ము ఉండలు, రెండు తెల్ల వెంట్రుకలు, చివరికి పసుపచ్చటి పలుకొకటి. పెద్దమ్మ దాన్ని వేలి కొసన తీసుకుని వెలుతురులో చూసింది.

పెద్దమ్మ: ఓళిగ పూర్ణం.

పెద్దనాయన: కాల్ మాట్లాడేటప్పుడు తింటా కదా, రాలుంటుంది.

పెద్దమ్మ: షుగరు మాత్రలు వేసుకునే మనిషికి వారం వారం ఓళిగలేందని నాకు మొదటినుంచీ అనుమానమే. పాప డాక్టరును అడిగి మరీ చెప్పిందన్నారని చేస్తున్నా.

పెద్దనాయన: బెల్లంతో చేస్తే పరవాలేదన్నాదే. అబ్బోడా, నీ కాఫీ చల్లారిపోతాంది చూడు.

ల్యాప్‌టాప్ ఆన్ చేసి పీట మీద పెట్టి ఒక పాత వీడియో పెట్టాను. తేడా తెలిసింది. అంతకుముందు దుప్పటి కింద నుంచి మాట్లాడుతున్నట్టుండేది, ఇప్పుడు పక్క గదిలోంచి మాట్లాడుతున్నట్టుంది. పెద్దమ్మకు పక్క గది చాలలేదు. సౌండ్ సెట్టింగ్స్ తెరవమంది. పైన వాల్యూమ్ నూటికి నూరుంది. కింద వాల్యూమ్ మిక్సర్ అని ఒకటి ఉంటుంది, అందులో ఒక్కో ప్రోగ్రాముకు విడిగా ఒక్కో గీత. అన్నీ పైనే ఉన్నాయి, కాల్ వచ్చే బ్రౌజర్‌ది మాత్రం పద్దెనిమిది దగ్గర కూర్చుని ఉంది.

పెద్దమ్మ: ఇది ఎవరు తగ్గించినారు?

పెద్దనాయన: అప్‌డేట్ వచ్చినప్పుడు దానంతట అదే తగ్గించుకోనుంటుంది.

నేను ఆయన మొహం వైపు చూశాను. ఆయన గోడ మీది క్యాలెండరు వైపు చూస్తున్నాడు, ఏకాదశి ఎప్పుడా అన్నట్టు.

పద్దెనిమిదిని నూరు చేశాను. స్పీకర్ల ప్రాపర్టీస్‌లో ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఇంకో పేజీ ఉంటే, అందులో లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్‌కు టిక్కు పెట్టాను. మెల్లగా పలికిన మాటను పైకెత్తి, గట్టిగా పలికినదాంతో సమానంగా నిలబెడుతుందది. డ్రైవరును బట్టి కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఈ పేజీ ఉండదు, మా అదృష్టం కొద్దీ దీనిలో ఉంది. ఆపైన ఈక్వలైజర్ ఏపీఓ అని ఉచితంగా దొరికే ప్రోగ్రామొకటి దించి, రీస్టార్ట్ చేశాను. శబ్దంలో ఎడమన బొంగురు నుంచి కుడిన కీచు దాకా ఒక్కో మెట్టును విడిగా పెంచడానికి, తగ్గించడానికి అందులో ఒక్కో గీత ఉంటుంది. ఉచితం అనేసరికి పెద్దనాయన క్యాలెండరు వదిలి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

పెద్దనాయన: ఆ ఎడమ చివరి గీత బేస్ కదా? దాన్ని పైదాకా లాగు. జాతరలో మైకు సెట్టు మాదిరి గుండెలో దడదడమనాల.

లాగాను. ల్యాప్‌టాప్ గరగరమంది, పీట కూడా వణికింది.

పెద్దమ్మ: ఆపరా! రూపాయి బిళ్లంత స్పీకరు ఎంత గాలిని కదిలిస్తుంది? దడదడకు గాలి కావాల. దాంతో చేయలేని పని చేయిస్తే గరగరమనక ఏం చేస్తుంది?

పెద్దనాయన: అయితే ఈ పాతదాంట్లో ఇంకేముందే?

పెద్దమ్మ: అన్నమయ్య రాగిరేకులు మూడొందల ఏళ్లకు పైగా కొండ మీద అరలో మూగగా పడుండినాయి. 1922లో బయటికి తీస్తే కదా పలికినాయి. దీనికి పదకొండేళ్లేనండీ.

పెద్దనాయన: అవి రాగివి. ఇది ప్లాస్టిక్కు.

పెద్దమ్మ: మాట రావడానికి దడదడలు అక్కరలేదు. మా ఎక్స్ఛేంజిలో తీగ మీద పోయేది 300 హెర్ట్‌జ్ నుంచి 3400 దాకానే. కిందది కోత, పైది కోత. ఆ ముక్కతోనే పెళ్లిళ్లు కుదిరినాయి, చావు కబుర్లు చేరినాయి. అచ్చులకు బలం కింద ఉంటుంది, హల్లులకు పదును పైన. "పాలు" అన్నదో "కాలు" అన్నదో తెలియాలంటే ఆ పదునే కావాల. అబ్బోడా, 200కు కిందున్నదంతా తగ్గించు. 2000, 3000 దగ్గర మూడు నాలుగు డెసిబెల్స్ పెంచు. ఎంత పెంచితే అంత, మొత్తం శబ్దాన్ని తగ్గించే ఆ ప్రీయాంప్ గీతను దించు. లేకపోతే మళ్లీ పగులుతుంది.

ఆమె చెప్పినట్టే చేశాను. వీడియోలో మాట్లాడుతున్న ఆయన ఒక్కసారిగా పళ్లు తోముకుని వచ్చినట్టు పలికాడు. ప్రతి "త", ప్రతి "ట" విడివిడిగా. ముప్పై ఏళ్ల చెవి అంటే ఏమిటో నాకప్పుడు అర్థమైంది.

పెద్దనాయన: సరే, వినపడుతూంది కదా. ఇక చాలించండి.

పెద్దమ్మ: వంటింట్లోకి వినపడాల. పాప చిన్నప్పటి కంప్యూటరు స్పీకర్లు అటక మీద ఉండాయి.

పెద్దనాయన: అవి పాత సామాన్ల వాడికి అమ్మేసినా.

పెద్దమ్మ: ఎంతకు?

పెద్దనాయన: ...గుర్తులేదు.

పెద్దమ్మ: అమ్మిన దేనికైనా మీకు రేటు గుర్తులేకుండా ఉంటుందా? అబ్బోడా, నిచ్చెన వెయ్యి.

రెండు నల్ల డబ్బాలు అటక మీది సూట్‌కేసు వెనకే ఉన్నాయి. ఆకుపచ్చ పిన్ను ల్యాప్‌టాప్ పక్క కంతలో పెట్టి, కరెంటు ఇచ్చాను. మాట పెద్దగా వచ్చింది. దాని వెనకే గుయ్‌మని ఒక మోత, వానాకాలం కపిలతీర్థం జలపాతం ముందు మెట్ల మీద నిలబడినట్టు.

పెద్దనాయన: చూసినారా? చెడిపోయినాయి. ఎత్తి అటక మీద పెట్టెయ్.

పెద్దమ్మ (కళ్లు మూసుకుని): చెడిపోలేదు. ఇది యాభై హెర్ట్‌జ్ మోత, కరెంటు గొంతు. ల్యాప్‌టాప్ చార్జరు తీసి చూడు.

తీశాను. గుయ్‌మనడం ఠక్కున ఆగింది.

పెద్దమ్మ: చెప్పలేదా?

పెద్దనాయన: మాట కూడా ఆగిపోయిందే. బొమ్మ కూడా.

బ్యాటరీ చచ్చి రెండేళ్లయిందన్న సంగతి మేం ముగ్గురం మరిచిపోయాం. మళ్లీ చార్జరు తగిలిస్తూ చూస్తే, దాని మూడు పిన్నుల ప్లగ్గుకు పెద్దనాయన రెండు పిన్నుల అడాప్టరొకటి తగిలించి గోడలో గుచ్చి ఉన్నాడు. ఎర్త్ పిన్ను గాల్లో ఉంది.

పెద్దమ్మ: ఇది ఎన్నాళ్ల నుంచి?

పెద్దనాయన: మంచం పక్కన రెండు కంతల సాకెట్టే కదా ఉండేది. ఇరవై రూపాయలతో అయిపోయింది.

పెద్దమ్మ: దీని మీద చెయ్యి పెడితే మణికట్టు దగ్గర జుమ్మంటుందని నరాల డాక్టరు దగ్గరికి పోయినారే?

పెద్దనాయన: అవును, బలహీనత అన్నాడు.

పెద్దమ్మ: బలహీనత మీ ప్లగ్గుది. ఎర్త్ లేక, ఆ చార్జరు లోపలి కరెంటు కాస్త ఒంటి మీదికొస్తోంది. ఆరు నెలలు బీ కాంప్లెక్స్ మింగినారు. ఆ డబ్బుతో నాలుగు బోర్డులొచ్చేవి.

ఈ లెక్క మాత్రం పెద్దనాయనకు తగిలింది. మారు మాట్లాడకుండా చొక్కా జేబులోంచి మూడొందలు తీశాడు. నేను బండి మీద గాంధీ రోడ్డుకు పోయి, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చాను. రెండొందల ఎనభై అయింది. మిగిలిన ఇరవై ఆయన చేతిలో పెట్టాను. టీవీ పక్కన మూడు కంతల సాకెట్టులో బోర్డు పెట్టి, ల్యాప్‌టాప్‌ను, స్పీకర్లను రెండింటినీ దానికే తగిలించాం. ఇద్దరికీ ఒకే ఎర్త్. గుయ్‌మనడం పోయింది. గోడ గడియారం టిక్కుటిక్కులు వినపడుతున్నాయి.

పదయింది. కాల్ మోగింది. పెద్దనాయన అలవాటుగా ఇయర్‌ఫోన్ల కోసం బల్ల తడిమాడు. అవి పెద్దమ్మ కొంగు చివర ముడేసి ఉన్నాయి.

"నాన్నా, బాగున్నావా?" అక్క గొంతు హాలంతా నిండింది, ఎదురుగా కుర్చీలో కూర్చుని అడిగినట్టు. "పోయిన వారం షుగరు రెండొందల పది అన్నావే, ఈ వారం చూపించుకున్నావా? ఆ ఓళిగలు మానెయ్యమని మూడు వారాల నుంచి మొత్తుకుంటున్నా కదా. అమ్మకు చెప్పమన్నాను, చెప్పినావా లేదా?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

పెద్దనాయన: ఏమే... ఇంకా గుయ్‌మంటూంది చూడు. ఒకసారి ఆపేద్దామా?

పెద్దమ్మ (గుమ్మంలోకి వచ్చి, చేతిలో పూర్ణం ముద్దతోనే): నాకేం గుయ్‌మనడం లేదండీ. "త" కూడా తెలుస్తూంది, "ట" కూడా తెలుస్తూంది. పాపా, మళ్లీ చెప్పు. మొదటినుంచి చెప్పు.

పెద్దనాయన చెయ్యి మెల్లగా బోర్డు స్విచ్చి వైపు పోతోంది.

పెద్దమ్మ: ముట్టుకున్నారంటే, ఆ రెండొందల ఎనభై రూపాయలు దండగైనట్టే.

చెయ్యి ఆగిపోయింది. ఆ రోజు ఓళిగలు పన్నెండూ నేనే తిన్నాను.