వెనక లింకులు గట్టిగుండాలె

హనుమకొండలో ఎవరి గురించైనా "ఆయనకు వెనక లింకులు గట్టిగున్నయి" అన్నారంటే ఆయన ఫైలు ఏ బల్ల మీదా ఆగదని అర్థం. ఆ లెక్కన పోయిన ఎండాకాలం నుంచి నా అంత పలుకుబడి గల మనిషి వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడు ఊళ్లలో లేడు. నా వెనక లింకులన్నీ కొత్తవి, అల్యూమినియంవి. పైగా అవసరాన్ని బట్టి పొడుగూ పొట్టీ చేసుకోవచ్చు. ఈ సౌకర్యం మంత్రుల దగ్గర పనిచేసేవాళ్లకు కూడా ఉందో లేదో.

ఈ ముచ్చట చాయ్ హోటల్ దగ్గర నోరు జారాను. "వెనక లింకులు మార్పిస్తున్న" అనగానే మా వీధి చివరి రిటైర్డ్ తహసీల్దారు గారు గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించి, "మంచి పని జేస్తున్నవు. పాతోళ్ల మాట ఇప్పుడు నడుస్తలేదు. కొత్తగ ఎవలు దొరికిండ్రు?" అన్నారు. కారుకండీ అన్నాను. ఆయన మళ్లీ గ్లాసు ఎత్తుకున్నారు. ఆ పూట నాతో ఇంకేం మాట్లాడలేదు.

బండి మిత్సుబిషి లాన్సర్ సెడియా, పేరు చివర స్పోర్ట్స్ అని ఉన్న రకం. మన దేశంలోకి 2006లో వచ్చింది. అంబాసిడర్ చేసిన హిందుస్థాన్ మోటార్స్ వాళ్లే తిరువళ్లూరులో దీన్నీ తయారు చేశారు. రెండు లీటర్ల పెట్రోలు ఇంజను, 115 గుర్రాలు. మన దేశపు ర్యాలీల్లో ఏళ్ల తరబడి దుమ్ము లేపిన జాతి. నాది 2008 మోడలు. 15 ఏళ్లు నిండాక ఇంకో 5 ఏళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకుంది కాబట్టి, ఎక్స్‌టెన్షన్ మీద ఉన్న సీనియర్ ఆఫీసరు అనుకోండి. నాలుగు తలుపులు, అంత పెద్ద డిక్కీ ఉన్నది స్పోర్ట్స్ కారు ఎట్లయితదని మా బావమరిది అడుగుతుంటాడు. వాడు బియ్యం బస్తాలు మోయించేది మాత్రం దీంట్లోనే.

ఆ ధరలో అమ్ముడుపోయే చాలా కార్లకు వెనక రెండు చక్రాలనూ కలిపి ఒకటే దూలం. అది ఉమ్మడి కుటుంబం. ఎడమ చక్రం గుంతలో పడితే కుడిదానికీ కడుపులో దేవినట్టవుతుంది. సెడియాది మల్టీలింక్, అంటే వేరుపడ్డ అన్నదమ్ములు. ఎవరి గుంత వాళ్లది. కానీ వేరుపడ్డాక ఎవరి హద్దు ఎక్కడో కాగితం రాసుకోవాలి కదా, ఆ కాగితాలే లింకులు. చక్రం ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టేది ఒకటి, తల వాల్చకుండా చూసేది ఒకటి, దిక్కులు చూడకుండా చెవి మెలిపెట్టేది ఇంకొకటి. ప్రతి లింకు కొసకూ ఒక బుష్. లోపల ఇనుప గొట్టం, బయట ఇనుప గొట్టం, నడుమ రబ్బరు. ఆ మొత్తం సరంజామాలో లోకజ్ఞానం ఉన్నది ఆ రబ్బరు ఒక్కదానికే. అటు రోడ్డుకూ సర్దిచెప్తుంది, ఇటు కారుకూ సర్దిచెప్తుంది.

పదిహేడేళ్లు సర్దిచెప్పి నా రబ్బరు అలసిపోయింది. ఎండాకాలం నల్లరేగడి చేను లాగా నెర్రెలు బాసింది. ములుగు రోడ్డు మీద బ్రేకు తొక్కితే వెనక చక్రాలు రెండూ బయటి వైపు చూడటం మొదలుపెట్టాయి. ముక్కు హనుమకొండకు పోదామంటే తోక కాజీపేటకు బయల్దేరేది. టైర్లు బయటి నుంచి చూస్తే నిగనిగలాడుతున్నాయి, లోపలి అంచు మాత్రం మొక్కు తీర్చుకొని వచ్చినట్టు నున్నగా గుండు.

మా ఆవిడ ఇక్కడ ఒక ప్రశ్న వేసింది. మన ఊరి రోడ్ల మీద చక్రాన్ని డిగ్రీలో పదో వంతు దాకా సరిచేసుకొని ఏం చేస్తావు అని. ప్రశ్న సహేతుకమే కాబట్టి జవాబు చెప్పలేదు.

ఆమె పక్షాన కొంత వాదిస్తాను. స్పీడు బ్రేకరు ఎట్లా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రాసిపెట్టింది. 3.7 మీటర్ల వెడల్పు, నడిమధ్య 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధంలో గుండ్రంగా, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేటట్టు. మా కాలనీలో స్పీడు బ్రేకరు ఎత్తును నిర్ణయించేది ఆ ఇంటి ఓనరు కోపం. మనవడికి బైకు తగిలిన ఇంటి ముందు ఒకటుంది, కింద కారు పొట్ట గీసుకున్న చప్పుడుకు పక్కింటి కుక్కలు లేస్తాయి. వెడల్పు మూరెడు. ఇటువంటి వాటిని రోజూ పద్నాలుగు దాటే మనిషి వెనక చక్రాల వాలు గురించి బెంగ పెట్టుకోవడం, వరదలో ఇల్లు మునుగుతుంటే గోడ గడియారం టైము సరిచేయడం లాంటిది. ఒప్పుకుంటాను. అయినా గడియారం తప్పు చూపిస్తే నాకు నిద్ర పట్టదు.

ఇక ఏ బుష్ వేయాలన్నది. కంపెనీ రబ్బరు వేస్తే మెత్తగా పోతుంది, కొన్నేళ్లకు మళ్లీ ఇదే కథ. పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ లాంటిదైతే గట్టిది, నీలం రంగులో, ఎరుపు రంగులో చూడముచ్చటగా ఉంటుంది. కానీ సిలికాన్ గ్రీజు సరిగా పూయకపోతే కిర్రుమంటుంది. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని మన పెద్దలు ఊరికే అనలేదు, పాలీ బుష్‌లు చూసినట్టే అన్నారు. మూడోది రేసు కార్లకు వేసే ఇనుప గుండు కీలు. దాంట్లో రబ్బరు ఉండదు, మొహమాటం ఉండదు, రోడ్డు ఏమంటే అది ఉన్నదున్నట్టు వెన్నెముకకు చేరవేస్తుంది. దుమ్ము పడితే కొన్నాళ్లకే టక్ టక్ అని తలుపు కొడుతుంది. మన దగ్గర దుమ్ముకు లోటా?

ఇక్కడ కాకతీయుల ప్రస్తావన తేకపోతే వరంగల్ వాడినే కాను. 1213లో పాలంపేటలో రేచర్ల రుద్రుడు రామప్ప గుడి కట్టించినప్పుడు పునాది గుంటలో ఇసుక నింపించాడు. భూమి కదిలితే ఇసుక సర్దుకుంటుంది. నేల అలల్లాగా లేచింది, స్తంభాలు కొన్ని ఒరిగాయి, గుడి మాత్రం నిలబడే ఉంది. 2021లో యునెస్కో వాళ్లొచ్చి పట్టా ఇచ్చి పోయారు. నా దృష్టిలో ఉత్తర తెలంగాణలో అన్నిటికంటే పెద్ద రబ్బరు బుష్ అదే. ఈ సిద్ధాంతాన్ని మా ఆవిడకు గుడి ముందే నిలబడి వివరించాను. ఆమె దూరంగా పోయి ఫొటోలు దిగింది.

ఆటోనగర్‌లో నా మేస్త్రీ భాయ్ మాటలు తక్కువ మనిషి. కారు ఎత్తకముందే వెనక చక్రం నడిబొడ్డు నుంచి ఫెండరు అంచు దాకా టేపు పట్టి, సుద్దముక్కతో ఫెండరు మీదనే 37 అని రాశాడు. ఎందుకు భాయ్ అంటే, "బండి గాలిల యేలాడంగ బోల్టు బిగిస్తే, దించంగనే రబ్బరు మెలి పడ్తది సార్. మెలి మీదనే నడుస్తది. ఆర్నెల్లల్ల చినుగుతది" అన్నాడు. లింకులన్నీ వదులుగా తగిలించి, హబ్బు కింద జాకీ పెట్టి, మళ్లీ 37 వచ్చేదాకా లేపి, అప్పుడు పానా చేతిలోకి తీసుకున్నాడు. బరువు మోసేటప్పుడు ఎట్లా నిలబడుతుందో అట్లా నిలబెట్టి బిగించాలన్నమాట.

ఒక పాత బోల్టు మాత్రం గొట్టంలోనే తుప్పు పట్టి బిగుసుకుంది. కోసి తీశారు. కొత్తది వచ్చేదాకా బండి నెల రోజులు ఇటుకల మీద. ఆ నెలంతా అడిగినవాళ్లకు ఒకటే జవాబు చెప్పాను: వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పి 2024లో బిగించారు, నాకింకా చాలా టైముంది.

మేడారం మొక్కు సంగతి కూడా చెప్పాలి. బోల్టు ఊడొస్తే లింకుల ఎత్తు బంగారం, అంటే అక్కడి లెక్కన బెల్లం, ఇస్తానని తల్లులకు మొక్కుకున్నాను. ఇనుప లింకులైతే ఎంత బెల్లం కావలసి వచ్చేదో. అల్యూమినియం వేయడం వల్ల స్ప్రింగు కింది బరువు తగ్గి చక్రం చురుగ్గా కదులుతుందని పుస్తకాల్లో రాస్తారు, బెల్లం ఖర్చు తగ్గుతుందని ఎవరూ రాయరు.

చివరికి అన్నీ పాలీ వేసి, చక్రం ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టే ట్రెయిలింగ్ ఆర్మ్ ముందు బుష్ ఒక్కటి కొత్త కంపెనీ రబ్బరే ఉంచాం. భాయ్ పట్టుబట్టాడు: "గొక్కటన్న మెత్తగ ఉండనియ్యి సార్. గుంతల పడ్డప్పుడు ఎవలో ఒకలు తగ్గాలె గద." అలైన్‌మెంట్ దగ్గర లింకు నడుమ పట్టుకొని తిప్పితే ఒక కొస కుడి మర, ఒక కొస ఎడమ మర, రెండూ ఒకేసారి బయటికొస్తాయి. వెనక చక్రాలు రెండు మిల్లీమీటర్లు లోపలికి చూసేటట్టు పెట్టించాను, కొత్త కోడలి చూపంత. తల ఒకటిన్నర డిగ్రీ లోపలికి వాల్చాను.

బండి ఇప్పుడు గీత గీసినట్టు పోతుంది. బ్రేకు తొక్కితే తోక కదలదు. కాకపోతే ఇదివరకు రబ్బరు దాచిపెట్టిన ప్రతి గుంతా, ప్రతి అతుకూ, పైపు కోసం తవ్వి పూడ్చిన ప్రతి చారా ఇప్పుడు నాకు పేరు పెట్టి పిలిచినంత పరిచయం.

మొన్న తహసీల్దారు గారిని సుబేదారి దాకా దింపుతానని ఎక్కించుకున్నాను. వడ్డేపల్లి చెరువు దాటేసరికి మాట ఆగింది. నక్కలగుట్టలో పైన పిడి పట్టుకున్నారు. సుబేదారిలో దిగి, నడుము మీద చెయ్యి వేసుకొని, వంగి వెనక చక్రం కిందికి ఒకసారి చూసి అన్నారు:

"గిన్ని లింకులు వెట్టుకొని, ఈ రోడ్డు ఏపిచ్చుకోలేకపోయినవా?"